ఒకే విత్తనం, రెండు పక్షులు: వేలిముద్రల ప్రతిభా పరీక్షపై నా సమీక్ష

ఐదుకు ఒకటిన్నర మార్కులు. చివరిదాకా చదివే ఓపిక లేనివారు ఇక్కడే ఆగిపోవచ్చు. ఒక మార్కు అక్కడి సిబ్బంది మర్యాదకు. మిగిలిన అర మార్కు దేనికో తరువాత చెబుతాను.

నేను వరంగల్ స్టేషన్ రోడ్డు వైపు ముప్పై ఒక్క ఏళ్లుగా విత్తనాల దుకాణం నడుపుతున్నాను. చదివింది ఇంటర్మీడియట్ దాకానే. అయినా ఈ సమీక్ష రాసే అర్హత నాకు కొంత ఉందనుకుంటున్నాను, ఎందుకంటే ఆ కేంద్రంవాళ్లు అమ్మేదీ నేను అమ్మేదీ దాదాపు ఒకే మాట: "లోపల ఏముందో నాకు తెలుసు, నన్ను నమ్మి డబ్బు కట్టండి."

మా అమ్మాయి హన్మకొండలో ఉంటుంది. ఆమెకు కవలలు, ఇద్దరూ ఆడపిల్లలే. ఎనిమిదేళ్లు నిండాయి, మూడో తరగతి చదువుతున్నారు. ఆరు నిమిషాల తేడాతో పుట్టారు కాబట్టి ఇంట్లో ఒకరు పెద్దది, ఒకరు చిన్నది. బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగిన రోజు గేటు దగ్గర ఎవరో కరపత్రం ఇచ్చారట. "మీ పిల్లల జన్యువుల్లో దాగిన ప్రతిభ, పది వేళ్ల మీద!" అని అచ్చు వేశారు. అల్లుడు వద్దన్నాడు. అమ్మాయి నాకు ఫోను చేసి, "నాన్నా, చిన్నది చదువులో వెనకబడుతోంది, ఒకసారి చూపిద్దాం" అంది. మనవరాళ్ల విషయంలో నేను బేరం ఆడలేను. ఒక్కొక్కరికి 4,500 రూపాయలు, కవలలు కాబట్టి ఇద్దరికీ కలిపి 8,000 అన్నారు. కట్టాను.

కేంద్రం పేరు రాయడం లేదు. ఇలాంటివి ఇప్పుడు చాలా ఊళ్లలో ఉన్నాయి, నా తగాదా ఒక్క దుకాణంతో కాదు. చౌరస్తా నుంచి నడిచి వెళ్లగలిగేంత దూరంలో, రెండో అంతస్తులో ఉంటుంది. లిఫ్టు లేదు. లోపల చల్లగా, శుభ్రంగా ఉంది. ముద్రలు తీసిన అమ్మాయి చాలా ఓపికమంతురాలు. ఆధార్ కేంద్రంలో ఉండేలాంటి చిన్న గాజు యంత్రం మీద ప్రతి వేలినీ ఎడమకు, నడిమికి, కుడికి తిప్పి మూడుసార్లు తీసింది. చిన్నదానికి చక్కిలిగింత పుట్టి నవ్వు ఆగకపోతే, విసుక్కోకుండా మళ్లీ మొదలుపెట్టింది. తరువాత అరచేతుల ఫొటో తీసి ఏదో కోణం కొలిచింది. మొత్తం నలభై నిమిషాలు. నివేదిక వారంలో ఇస్తామన్నారు, సరిగ్గా వారానికే ఇచ్చారు. వీటిలో వంక పెట్టడానికి ఏమీ లేదు.

నివేదిక ఒక్కొక్కటి నలభై రెండు పేజీలు, నున్నటి కాగితం, రంగుల అచ్చు. మెదడు బొమ్మ వేసి దాన్ని పది ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో వేలికి కట్టారు. ఏ ముక్కలో ఎంత తెలివి ఉందో దశాంశాలతో సహా వేశారు. పెద్దదానికి లెక్కలు, తర్కం 13.2 శాతం, చిన్నదానికి 8.1. పెద్దది స్వభావంలో డేగ అట: నాయకత్వం, పోటీతత్వం. చిన్నది పావురం: శాంతం, సర్దుకుపోవడం. పెద్దదానికి తగిన ఉద్యోగాల వరుసలో ఇంజినీరింగు, ఐఏఎస్ ఉన్నాయి. చిన్నదానికి నాట్యం, ఆతిథ్య రంగం, ప్రీస్కూలు టీచరు.

ఇక్కడే నాకు చిక్కుపడింది. ఈ పిల్లలిద్దరూ ఒకే పోలికలో ఉండే కవలలు. మూడో నెల స్కానింగులోనే డాక్టరమ్మ ఒకే మాయ అని చెప్పింది. అలా ఒకే మాయను పంచుకునేవారు దాదాపు ఎప్పుడూ ఒకే అండం రెండుగా చీలి పుట్టినవారే. అంటే విత్తనం ఒకటే. నివేదికలు వివరించడానికి కూర్చున్న యువకుడితో ఈ మాటే అన్నాను.

"అంకుల్, ఇది పుట్టుకతో వచ్చే తెలివి. డీఎన్ఏలో ఉన్నదే వేళ్ల మీద అచ్చవుతుంది. జీవితాంతం మారదు" అన్నాడు.

"ఈ ఇద్దరి డీఎన్ఏ ఒకటే కదా బాబూ?"

"కవలలైనా ఎవరి ముద్ర వారిదే అంకుల్. ఈ పరీక్ష గొప్పతనం అదే."

"జన్యువులు ఒకటై ముద్రలు వేరయ్యాయంటే, ఆ తేడా జన్యువుల నుంచి వచ్చింది కాదు కదా?"

ఆ యువకుడు కాసేపు పేజీలు తిప్పి, టీ తాగుతారా అని అడిగాడు. టీ బాగానే ఉంది. నా బొటనవేలి ముద్రను రేషన్ దుకాణంలో యంత్రం పట్టదు. ముప్పై ఏళ్లు మందు కలిపిన గింజలు చేత్తో తీసి తీసి గీతలు అరిగిపోయాయి. మరి నా తెలివి కూడా అరిగిపోయిందా అని అడిగితే అందరూ నవ్వారు. నేను నవ్వులాటకు అడగలేదు.

పొద్దున భద్రకాళి బండ్ మీద నాతో పాటు నడిచే ఒక రిటైర్డ్ జంతుశాస్త్ర లెక్చరరు ఉన్నారు. నివేదికలు రెండూ ఆయన చేతిలో పెట్టాను. రెండు రోజులు ఉంచుకుని, "సేటూ, ఎనిమిది వేలకు మంచి పాఠమే కొన్నావు" అన్నారు. ఆయన చెప్పిందాంట్లో నాకు అర్థమైనంత రాస్తాను.

వేలిముద్రలు కడుపులో పిల్ల మూడో నెలలో ఉండగా మొదలై, నాలుగో నెల దాటేసరికి కుదురుకుంటాయి. వేలి కొసన ఉబ్బు నడిమిన, గోరు అడుగున, కణుపు మడత దగ్గర గీతలు మొదలై అలల్లా పాకుతాయి. ఆ అలలు ఎక్కడ ఎదురుపడితే దాన్ని బట్టి సుడి పడుతుందో, వంపు పడుతుందో, విల్లు పడుతుందో తేలుతుంది. ఉబ్బు ఎంత ఎత్తున ఉండాలన్నదాంట్లో జన్యువుల చేయి ఉంది. గీతల మొత్తం లెక్క తల్లిదండ్రుల నుంచి బాగానే సంక్రమిస్తుంది. నిజానికి మా పిల్లల నివేదికల్లో ఆ మొత్తం దాదాపు ఒకటే: 142, 138. అయితే గీత ఎక్కడ చీలుతుంది, ఏ వేలి మీద ఏ ఆకారం స్థిరపడుతుంది అన్నది కడుపులో ఆ వారాల్లోని చిన్న చిన్న ఒత్తిళ్లను బట్టి కూడా ఉంటుంది. పెద్దదానికి కుడి చూపుడు వేలి మీద సుడి ఉంది, చిన్నదానికి అదే వేలి మీద వంపు ఉంది. ఎడమ ఉంగరపు వేలి మీదా అంతే. ఈ రెండు వేళ్ల తేడాతో ఒకరు డేగ అయ్యారు, ఒకరు పావురం అయ్యారు.

వేలిముద్రలకూ వైద్యానికీ సంబంధమే లేదనడం కూడా తప్పని ఆయన అన్నారు. డౌన్ సిండ్రోమ్ లాంటి క్రోమోజోమ్ తేడాల్లో అరచేతి గీతలు వేరుగా ఉండవచ్చు, వైద్యులు వాటిని చూస్తారు. అక్కడి నుంచి లెక్కల శాతానికి దూకడమే చిక్కు. ఈ పరీక్షకు శాస్త్రీయ ఆధారం లేదని మన దేశంలోని మానసిక వైద్యుల సంఘం, ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ చెప్పింది. నివేదిక మొదటి పేజీలో ఫొటో వేసిన అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త హోవార్డ్ గార్డ్‌నర్ తెలివి ఒకటి కాదు, చాలా రకాలని చెప్పే తన బహుముఖ ప్రజ్ఞ సిద్ధాంతాన్ని 1983లో ప్రతిపాదించాడు, ఈ వేలిముద్రల పరీక్షను మాత్రం తాను సమర్థించనని ఆయనే చెప్పాడట.

నాకు బాగా నచ్చింది గాల్టన్ కథ. పుట్టుక, పెంపకం అని రెండు మాటలను ఎదురెదురుగా నిలబెట్టి శాస్త్రంలోకి తెచ్చినవాడు, వేలిముద్రల మీద 1892లో పెద్ద పుస్తకం రాసినవాడు ఒకడే, ఇంగ్లండుకు చెందిన ఫ్రాన్సిస్ గాల్టన్. మనిషి తత్త్వం అంతా పుట్టుకలోనే ఉందని గట్టిగా నమ్మినవాడు. వేలిముద్రల్లో స్వభావం కనిపిస్తుందని ఆశపడి వెతికాడు. కనిపించలేదు, కనిపించలేదని ఒప్పుకున్నాడు కూడా. అంటే హన్మకొండలో రెండో అంతస్తులో నాకు అమ్మిన సరుకును, నూట ముప్పై ఏళ్ల క్రితం దాన్ని అందరికంటే ఎక్కువగా కోరుకున్నవాడే లేదని తేల్చాడు.

ఆ తరువాత లెక్చరరుగారు చెప్పిన బీన్స్ కథ మాత్రం నా వృత్తికి సంబంధించినది కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను. డెన్మార్క్‌లో విల్‌హెల్మ్ యోహాన్సెన్ అనే ఆయన బీన్స్ గింజలు తూచి తూచి లెక్కలు వేశాడు. బీన్స్ పువ్వు తనలో తానే పరాగసంపర్కం జరుపుకుంటుంది కాబట్టి ఒకే మొక్క సంతతి తరతరాలుగా ఒకే రక్తం. అలాంటి ఒకే సంతతిలోనూ గింజలు కొన్ని లావు, కొన్ని సన్నం. లావువి ఏరి వేరుగా, సన్నవి ఏరి వేరుగా వేశాడు. రెండు మళ్ల పంటలోనూ గింజ సగటు బరువు ఒకటే వచ్చింది. సన్న గింజ సన్నబడింది కాయలో దానికి దక్కిన చోటు వల్ల, ఆ మొక్కకు దక్కిన తిండి వల్ల. రక్తం వల్ల కాదు. లోపల ఉన్నది వేరు, బయటికి కనిపించేది వేరు అని చెప్పడానికే 1909లో ఆయన జీనోటైప్, ఫినోటైప్ అనే మాటలు పుట్టించాడు. జీన్ అన్న మాటా ఆయనదే.

మా దుకాణంలో రైతు దోసిట్లోకి గింజలు తీసుకుని, లావుగా ఉన్నవి చూసి తల ఊపుతాడు. నేనూ ఊపుతాను. మొలక బలానికి లావు గింజ మేలే, అది వేరే సంగతి. ఈ కథ వింటున్నంతసేపూ నాకు గుర్తొచ్చింది మా చిన్నది పుట్టిన రోజు. పెద్దది 2.3 కిలోలు, చిన్నది 1.7. ఒకే మాయ అయినా వాటాలు సమానంగా పడలేదు. చిన్నదాన్ని పదకొండు రోజులు అద్దాల పెట్టెలో ఉంచారు. ఒకే విత్తనం, ఒకే కడుపు అనుకుంటాం గానీ, ఆ కడుపులోనే రెండు మళ్లు ఉన్నాయి. పరీక్షా కేంద్రంలో పుట్టిన బరువు ఎవరూ అడగలేదు. ఏ వయసులో నడిచారు, రాత్రి నిద్ర ఎలా పడుతుంది, చూపు ఎలా ఉంది, వినికిడి ఎలా ఉంది, ఒక్కటీ అడగలేదు. నేల ఏమిటో, నీరుందో లేదో అడగకుండా ప్యాకెట్ చేతిలో పెట్టే విత్తనాల వ్యాపారిని మా బజారులో ఏమంటారో ఇక్కడ రాయలేను.

నాలుగో పేజీలో గుండ్రటి బొమ్మ వేసి "తెలివిలో జన్యువుల వాటా 80 శాతం, వాతావరణం 20 శాతం" అని రాశారు. దీని మీద నాకు చాలా కోపం ఉంది. ఒక ఏడాది ఒకే లాట్ మిరప విత్తనం ఒకే వారంలో ఇద్దరికి అమ్మాను. దుగ్గొండి వైపు బోరు కింద వేసినాయనకు ఎకరాకు ఇరవై క్వింటాళ్ల ఎండు మిరప వచ్చింది. పరకాల వైపు చల్క నేలలో వేసి, మోటారు కాలి రెండు తడులు తప్పినాయనకు ఎనిమిది. ఆ పన్నెండు క్వింటాళ్ల తేడాలో విత్తనం వాటా సున్నా. మరుసటి ఏడాది దుగ్గొండి చేనులోనే పక్కపక్క సాళ్లలో రెండు రకాలు వేశారు. అదే నీరు, అదే ఎరువు, అదే మందు. అక్కడ వచ్చిన తేడా అంతా విత్తనానిదే. ఇప్పుడు చెప్పండి, మిరప దిగుబడిలో విత్తనం వాటా ఎంత? సున్నానా, నూరా? ఆ ఏడాది, ఆ చేను చెప్పకుండా శాతం చెప్పేవాడు ఏదో అమ్మడానికి వచ్చినవాడే.

మనుషుల లెక్కా అంతేనని లెక్చరరు అన్నారు. తిండికి కొదవలేని దేశాల్లో మనుషుల ఎత్తుల మధ్య తేడాల్లో 80 శాతం దాకా జన్యువులతో ముడిపడి ఉందని అంచనా. అది ఆ గుంపులోని తేడాల లెక్క, ఒక మనిషిలోని వాటా కాదు. దక్షిణ కొరియాలో 1896లో పుట్టిన ఆడవాళ్లతో పోలిస్తే 1996లో పుట్టినవారు సగటున 20 సెంటీమీటర్లు పొడవు పెరిగారు. వందేళ్లలో జన్యువులు అంతగా మారవు. తిండి, నీరు, రోగాలు మారాయి.

నా మాట కొంచెం తగ్గించి వినండి, ఎందుకంటే విత్తనాలు అమ్మేవాడు ఎప్పుడూ నేలనే తప్పుపడతాడు. మొలక రాకపోతే రైతు విత్తనం అంటాడు, నేను తేమ అంటాను. మా బతుకంతా ఆ వాదనే. పంట బాగా వస్తే మాత్రం అది మా విత్తనం గొప్పతనమే. 2021లో నల్ల తామర పురుగు మిరప చేలను ఊడ్చేసినప్పుడు కూడా విత్తనాన్ని తిట్టినవారున్నారు. మరోవైపు, మన చపాటా మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే అర్థమేమిటి? ఆ ఎరుపు, ఆ తక్కువ కారం విత్తనానివే, ఈ నేలవీ, ఈ ఎండవీ కూడా. విడదీయమంటే నేను విడదీయలేను.

నేను అమ్మే ప్యాకెట్ మీద లాట్ నంబరు, మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ, ఎప్పటిలోగా వాడాలో ఉండాలి. మిరపకు కనీసం 60 శాతం, వరికి 80 శాతం మొలక ఉండాలని నిబంధన. నాలుగు వందల గింజలు మొలకెత్తించి చూసి ఆ అంకె వేస్తారు. తేడా వస్తే ఇన్‌స్పెక్టరు వచ్చి నమూనా తీసుకుంటాడు, నా లైసెన్సు పోతుంది. ఈ నలభై రెండు పేజీల్లో ఆ 8.1 అనే అంకె ఎంతమంది పిల్లల మీద సరిచూసి తేల్చారో ఒక్క వాక్యం లేదు. ఆఖరి పేజీ అడుగున చీమతలకాయంత అక్షరాల్లో "ఇది సూచన మాత్రమే" అని ఉంది.

డబ్బు పోయింది సరే. అసలు నష్టం ఇంట్లో జరిగింది. నివేదిక వచ్చిన మరుసటి నెల మా అమ్మాయి పెద్దదాన్ని అబాకస్‌లో చేర్పించింది, చిన్నదాన్ని నాట్యంలో. నాట్యం నేర్చుకుంటానని ఏడాదిగా అడుగుతున్నది పెద్దది. చిన్నది సిగ్గరి, గజ్జెలు కట్టుకోమంటే తలుపు వెనక దాక్కునే రకం. ఒక ఆదివారం నేను ఎక్కాలు చెప్పమంటే చిన్నది చాలా మామూలుగా, "నాకు లెక్కలు రావు తాతా, కాగితంలో ఉంది" అంది. పెద్దది పక్క నుంచి, "అది పావురం తాతా" అంది. ఎనిమిదేళ్లు కలిసి పెరిగిన పిల్లల మధ్య మూడు వారాల్లో ఒక గట్టు వేశారు. విత్తనంలో ఏముందో చదివామన్నారు. వాళ్లు చదివిందేమీ లేదు గానీ, నేలను మాత్రం మార్చేశారు: ఒకదాని వైపు కాలువ తిప్పి, ఒకదాని వైపు కట్టేశారు. ఇంకో పదేళ్లకు పెద్దది లెక్కల్లో ముందుంటే, చూశారా, నివేదిక ఎంత నిజమో అని అక్కడ గోడకు ఫొటో పెడతారు.

అమ్మాయికి ఇదే చెప్పాను. "బిడ్డా, ఆ కాగితాలు నాకు ఇచ్చెయ్యి" అన్నాను. కాసేపు మాట్లాడలేదు, తరువాత తనే బ్యాగులో పెట్టి ఇచ్చింది.

చిన్నది ఎందుకు వెనకబడిందో కనిపెట్టింది బడిలో దాని క్లాసు టీచరు, ఒక్క రూపాయి తీసుకోకుండా. ఎడమ వైపు నుంచి పిలిస్తే పలకడం లేదు, ఒకసారి చెవి చూపించండి అంది. చెవి డాక్టరు మధ్య చెవిలో నీరు చేరిందని చెప్పాడు. జలుబుల తరువాత పిల్లల్లో ఇది మామూలేనట, చాలామందికి మూడు నెలల్లో దానంతట అదే తగ్గుతుంది, తగ్గకపోతే చూద్దాం, అందాకా ముందు బెంచీలో టీచరుకు కుడి చెవి వచ్చేలా కూర్చోబెట్టండి అన్నాడు. చెవి ఒక్కటే కారణమని నేను ప్రమాణం చేయను. ఇప్పుడు పన్నెండో ఎక్కం దాకా వచ్చింది, పదమూడు దగ్గర ఆగింది. పదమూడో ఎక్కం డేగకు కూడా రాదు.

డబ్బు వాపసు అడగడానికి మళ్లీ రెండో అంతస్తు ఎక్కాను. వాపసు నిబంధన లేదన్నారు, మర్యాదగానే. ముద్రలు మళ్లీ తీసి చూడమంటే తీశారు. పెద్దదానికి అంకెలు దాదాపు అవే వచ్చాయి. ఈ విషయం దాచకుండా రాయాలి: యంత్రం తప్పుగా లెక్కపెట్టడం లేదు. ఎన్నిసార్లు పెట్టినా ఒకే బరువు చూపే కాటా అది. ఆ కాటా మీద కారం తూచి, ఘాటు ఇంత అని రాసిస్తున్నారు, అంతే.

దిగబోతుంటే ఇంకో పథకం చెప్పారు. వేలిముద్రల మీద నమ్మకం లేకపోతే లాలాజలం తీసుకుని నేరుగా డీఎన్ఏ పరీక్ష చేయిస్తారట, ఒక్కొక్కరికి 16,000. ఇద్దరికీ విడిగా చేయాలా అని అడిగాను. చేయాలన్నారు. ఒకే విత్తనానికి రెండు బిల్లులు. ఇంటికొచ్చి లెక్చరరుగారిని అడిగితే, 2022లో ముప్పై లక్షల మంది డీఎన్ఏ చూసి, చదువుకున్న ఏళ్లతో ముడిపడిన చోట్లు నాలుగు వేల దాకా కనుక్కున్నారని, అన్నీ కలిపినా మనుషుల మధ్య తేడాల్లో 12 నుంచి 16 శాతమే వివరించగలిగారని, అదీ ఐరోపా సంతతివారిలోనని చెప్పారు. హన్మకొండలో మూడో తరగతి పిల్ల గురించి అది ఏం చెబుతుంది? వద్దన్నాను.

వెళ్లాలనుకునేవారికి: పార్కింగు లేదు, ఆదివారం కూడా తెరిచే ఉంటుంది, బేరం ఆడితే తగ్గిస్తారు. ఇక ఆ అర మార్కు నివేదికలు పెట్టి ఇచ్చిన ఫైళ్లకు. అట్టలు గట్టివి, క్లిప్పు బాగా పట్టుకుంటుంది. ఒకదానిలో ఈ వానాకాలం పత్తి విత్తనాల బిల్లులు పెట్టాను, రెండోది ఖాళీగా ఉంది.